మూసిన కవరులో మన మాట

శ్రావణ శుక్రవారం పేరంటం. వెస్ట్ మారేడ్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లంతా మా హాల్లోనే ఉన్నారు. నేను శనగలు, తాంబూలాలు సర్దుతున్నాను. లక్ష్మీ అష్టోత్తరం పెడదామని అత్తయ్యగారు టాబ్ తీసి, టీవీ పక్కన స్టాండు మీద పెట్టి, వీడియోల యాప్ తెరిచారు. అంతే! అష్టోత్తరం సంగతి దేవుడెరుగు, తెర నిండా పెద్ద పెద్ద అక్షరాలు: 'నలభై రాకుండానే నెలసరి ఆగిపోతోందా?' దాని కింద అలాంటిదే ఇంకోటి. దాని పక్కన మరోటి.

"ఇవన్నీ ఎవరు చూస్తున్నారండీ?" పై వాటా పిన్నిగారు నవ్వుతూనే అడిగారు.

"ఏవో ప్రకటనలండీ. వాటంతటవే వస్తుంటాయి" అన్నాను. కుంకుమ భరిణె పట్టుకున్న చెయ్యి మాత్రం వణికింది.

మనలో మాట. అవి వాటంతటవి రాలేదు. నేనే పిలిచాను. నాకు 38 ఏళ్లు. మూడు నెలలుగా నెలసరి లేదు. కడుపు కాదని ఇంట్లోనే పరీక్ష చేసుకుని తేల్చుకున్నాను. మావారితో చెప్పలేదు. అమ్మతో చెబితే కంగారు పడుతుందని ఆవిడకీ చెప్పలేదు. పది రోజులపాటు అందరూ పడుకున్నాక, దుప్పటి ముసుగులో ఫోన్ వెలిగించి, డాక్టర్ల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ కూర్చున్నాను. ఫోనుకు చెప్పుకున్నది ఎవరికీ చెప్పుకోనట్టే అనుకున్నాను. ఆ ఫోన్ కాస్తా నా గుట్టు నలుగురు పేరంటాళ్ల ముందు పెట్టింది.

"వీపీఎన్ పెట్టుకోమ్మా!"

ఆ రాత్రి నా మొహం చూసి మా అమ్మాయి విషయం కొంత పసిగట్టింది. పదో తరగతి చదువుతోంది. వాళ్లకు తెలియనిదేముంది! "అమ్మా, నువ్వు వీపీఎన్ పెట్టుకోవాల్సింది. అప్పుడు నువ్వేం చూసినా ఎవ్వరికీ తెలీదు. నా ఫ్రెండ్స్ అందరి దగ్గరా ఉంది. ఫ్రీ!" అంటూ నా ఫోన్ అందుకుని, రెండు నిమిషాల్లో ఏదో యాప్ దింపేసింది. పైన మూలన చిన్న తాళంచెవి బొమ్మ కనిపించింది. దాన్ని చూస్తే నాకెంత ధైర్యం వచ్చిందో! బీరువాకు తాళం వేసి చెవి బొడ్లో దోపుకున్నంత నిశ్చింత.

ఆదివారం మా చెల్లెలు వచ్చేదాకా ఆ నిశ్చింత నిలిచింది. తను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. వీపీఎన్ అన్న మాట నేను మొదట విన్నది దాని నోటనే. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఇంటి నుంచి పని చేసేటప్పుడు పొద్దున్నే "అయ్యో, వీపీఎన్ కనెక్ట్ కావట్లేదు!" అని తల పట్టుకునేది. మన ఊళ్లో ఆ రోజుల్లో ఆ కేక వినబడని సాఫ్ట్‌వేర్ ఇల్లు ఉందా? అదేదో ఆఫీసు వాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకునేదాన్ని.

నా ఫోన్‌లో తాళంచెవి చూసి చెల్లెలు నుదురు కొట్టుకుంది. "అక్కా, ఇది ఎవరిదో, ఏ దేశం వాళ్లదో తెలుసా? పైగా నీకు జరిగినదానికి వీపీఎన్ అసలు మందే కాదు!"

"అయితే ఇంతకీ అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు" అన్నాను. చెప్పింది. నాకు తెలిసిన లోకంలోకి మార్చుకుని మీకు చెబుతున్నాను.

కార్డుముక్క, కవరు, పెద్దమ్మ

చిన్నప్పుడు మా అమ్మమ్మ తణుకు నుంచి కార్డుముక్క రాసేది. అది మా చేతికి వచ్చేలోపు పోస్ట్‌మన్ చదివేసేవాడు. "అమ్మగారూ, మీ తమ్ముడుగారి అమ్మాయి సంబంధం తప్పిపోయిందటండీ" అని గుమ్మంలోనే చెప్పేవాడు. ఒకప్పటి ఇంటర్నెట్ చాలావరకు ఈ కార్డుముక్క లాంటిదే. దారిలో ఎవరి చేతిలో పడితే వాళ్లు చదవొచ్చు.

ఇప్పుడు చాలా సైట్లు అంటించిన కవరులో ఉత్తరం పంపుతున్నాయి. సైటు చిరునామా ముందు 'హెచ్‌టీటీపీఎస్' అని ఉంటుంది చూడండి, దాని అర్థం అదే. లోపలి మాటలు గూఢలిపిలో ఉంటాయి. కానీ కవరు పైన చిరునామా ఉంటుందిగా? మనకు ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి మనం ఏం రాశామో తెలియకపోయినా, ఎవరికి రాశామో తెలుస్తుంది. అర్ధరాత్రి రోజూ ఒక సంతాన సాఫల్య కేంద్రం సైటుకో, విడాకుల లాయరు సైటుకో ఉత్తరాలు వెళుతుంటే, లోపల చదవకపోయినా ఊహించుకోవడానికి ఆ చిరునామా చాలదా? ఉత్తరం అందుకున్న సైటుకు కూడా మన ఐపీ అడ్రస్, అంటే ఏ కనెక్షన్ నుంచి, దాదాపు ఏ ఊరి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక వీపీఎన్. వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అని పూర్తి పేరు. విజయవాడలో మనకో పెద్దమ్మ ఉందనుకోండి. మన ఉత్తరం ఉన్న కవరును ఇంకో పెద్ద కవరులో పెట్టి, దాని మీద పెద్దమ్మ చిరునామా ఒక్కటే రాస్తాం. మన వీధి పోస్ట్‌మన్‌కు 'ఈవిడ ఎప్పుడూ విజయవాడకే రాస్తుంది' అని తప్ప ఇంకేమీ తెలియదు. పెద్దమ్మ పై కవరు చించి, లోపలి కవరును అక్కడి డబ్బాలో వేస్తుంది. అందుకున్నవాళ్లకు విజయవాడ ముద్ర కనిపిస్తుంది కానీ మారేడ్‌పల్లి ముద్ర కనిపించదు. జవాబు కూడా పెద్దమ్మ ద్వారానే వస్తుంది. ఆ పెద్దమ్మే వీపీఎన్ కంపెనీ సర్వరు.

మొదట్లో ఇది కంపెనీల కోసం పుట్టిన ఏర్పాటు. ఉద్యోగి ఎక్కడున్నా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా రావాలి కదా. 1996లో మైక్రోసాఫ్ట్‌లో పీపీటీపీ అనే తొలినాళ్ల పద్ధతి తయారైంది. తర్వాత ఇంకా గట్టి పద్ధతులు వచ్చాయి. మా చెల్లెలు రోజూ వాడేది ఆఫీసు పెద్దమ్మను. మా అమ్మాయి నా ఫోన్‌లో పెట్టింది మాత్రం ముక్కూ మొహం తెలియని పెద్దమ్మను.

చిక్కంతా పెద్దమ్మతోనే

మన పెద్ద కవరు చించేది ఎవరు? పెద్దమ్మే. పోస్ట్‌మన్‌కు తెలియకూడదనుకున్న చిరునామాలన్నీ ఇప్పుడు ఆవిడ కళ్ల ముందే ఉంటాయి. అంటే వీపీఎన్ పెట్టుకుంటే గుట్టు మాయమైపోదు. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంది. ఆ ఇంకొకరు ఎలాంటివాళ్లన్నదే ప్రశ్న.

డబ్బు తీసుకోకుండా లక్షల మంది ఉత్తరాలు మోసే పెద్దమ్మకు పూట ఎలా గడుస్తుంది? ఇందుకు పెద్ద ఉదాహరణే ఉంది. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొంది. ఆ కంపెనీ 'ఒనావో ప్రొటెక్ట్' పేరుతో ఉచిత వీపీఎన్ ఇచ్చింది. పేరులోనే రక్షణ! కానీ దాన్ని పెట్టుకున్నవాళ్లు ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారన్న వివరాలు ఫేస్‌బుక్‌కు చేరాయి. 2018లో యాపిల్ తన యాప్ స్టోర్‌లో ఇది కుదరదంది. 2019లో దాన్ని మూసేశారు. 2023లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు, జనాన్ని తప్పుదోవ పట్టించారంటూ రెండు అనుబంధ కంపెనీలకు కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

అదొక్కటే అనుకునేరు! 2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌వో, కొన్ని విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి ఆండ్రాయిడ్ ఫోన్లలోని 283 వీపీఎన్ యాప్‌లను పరిశీలించారు. వాటిలో 18 శాతం అసలు గూఢలిపిలోకే మార్చడం లేదు. అంటే పెద్ద కవరు ఉత్త పల్చటి కాగితం. పైగా నాలుగింట మూడు యాప్‌లలో వాడేవాళ్ల జాడ తీసే బయటి సంస్థల సరంజామా ఉంది. తాళంచెవి బొమ్మ చూసి నేను మురిసిపోయాను కానీ, ఆ చెవి ఎవరి బొడ్లో ఉందో చూడలేదు.

డబ్బు కట్టే వీపీఎన్ అయితే సరిపోతుందా అంటే, అదీ చూసుకోవాలి. ఎవరు నడుపుతున్నారు, ఏ దేశంలో ఉన్నారు, మన రాకపోకల చిట్టా రాసిపెడతారా లేదా, ఆ మాట నిజమని బయటి ఆడిటర్లతో తనిఖీ చేయించుకున్నారా? జనరల్ బజార్‌లో పట్టుచీర కొనేటప్పుడు జరీ గీకి చూసే మనం, ఇక్కడ మాత్రం చూడకుండా 'ఓకే' ఎందుకు నొక్కాలి?

మన దేశంలో చట్టం ఏమంటోంది?

'వీపీఎన్ వాడితే పోలీసులు పట్టుకుంటారటగా' అని మా పక్కింటావిడ భయపడ్డారు. వీపీఎన్ వాడటం మన దేశంలో మొత్తంగా నేరమేమీ కాదు. జమ్మూకశ్మీర్‌లో కొన్ని జిల్లాల అధికారులు భద్రతా కారణాలు చూపి కొంతకాలం నిషేధించిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. అయితే వీపీఎన్ చాటున చేసినా తప్పు తప్పే. మోసం చేస్తే, ఒకరిని వేధిస్తే, చట్టం వర్తిస్తుంది.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు తమ వాడకందారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, వారికి కేటాయించిన ఐపీ అడ్రస్, ఎందుకు వాడుతున్నారన్న వివరాలు రాసిపెట్టి, వాడకం మానేశాక కూడా 5 ఏళ్లు దాచాలని. నేరగాళ్లను పట్టుకోవడానికి ఇది అవసరమన్నది ప్రభుత్వం మాట. చిట్టా రాయకపోవడమే మా వ్యాపారం, అది రాస్తే ఇంకేం మిగులుతుందన్నది కంపెనీల మాట. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ లాంటివి ఇండియాలోని తమ సర్వర్లను తీసేసుకున్నాయి. ఆదేశం ఆ ఏడాది సెప్టెంబర్ చివరి వారంలో అమల్లోకి వచ్చింది. ఆఫీసులు తమ ఉద్యోగుల కోసం నడుపుకొనే వీపీఎన్‌లకు ఈ నిబంధన లేదు. కాబట్టి మా చెల్లెలి పొద్దుటి కేకలు మామూలే.

గోప్యత అనేది పెద్దింటి వాళ్ల సరదా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అది మన ప్రాథమిక హక్కు అన్నారు. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి. తొంభై దాటిన వయసులో ఆ తీర్పు చూశారాయన. తర్వాత 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. విడతలవారీగా అమలులోకి రావాలి.

వీపీఎన్ ఆపలేనివి

ఇప్పుడు నా పేరంటం సంగతికి వద్దాం. నా ఫోన్‌లోనూ, హాల్లో టాబ్‌లోనూ ఉన్నది ఒకే ఖాతా. నేను సంతకం పెట్టి మరీ వీడియోలు చూశాను. ఆ చిట్టా నా ఖాతాలో పడింది. అదే ఖాతా తెరిచిన టాబ్‌కు 'ఈవిడకు ఇవి ఇష్టం' అని చేరింది. దారిలో ఎన్ని కవర్లు వేస్తే ఏం లాభం, ఉత్తరం అడుగున నా సంతకం ఉంటే? నూరు వీపీఎన్‌లు పెట్టుకున్నా నా గుట్టు ఆ రోజు బయటపడేదే.

బ్రౌజర్‌లో 'ఇన్‌కాగ్నిటో' అని ఉంటుంది కదా, అది ఇంకోరకం. అందులో చూసినవి ఆ ఫోన్ చరిత్రలో మిగలవు. అంటే ఇంట్లోవాళ్లు ఫోన్ తెరిచి చూస్తే కనిపించవు. కానీ ఇంటర్నెట్ కంపెనీకి, అవతలి సైటుకు కనిపించేవి కనిపిస్తూనే ఉంటాయి. ఒకటి ఇంట్లోవాళ్ల చూపుకు తెర, ఇంకొకటి దారిలోవాళ్ల చూపుకు తెర. రెండూ ఒకటి కావు.

ఇక మనమే చేతులారా ఇచ్చేసిన వివరాలకు ఏ తెరా లేదు. నెలసరి తేదీలు రాసుకునే యాప్‌లు చాలామంది వాడుతున్నారు. ఫ్లో అనే ప్రసిద్ధ యాప్, వాడేవాళ్ల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థల విశ్లేషణ విభాగాలకు పంపిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2021లో ఆ కేసు రాజీతో ముగిసింది. అక్కడ వీపీఎన్ ఏం చేస్తుంది? మనం రాసిచ్చిన డైరీనే వాళ్లు పంచారు.

అంత దూరం ఎందుకు, మన ఊళ్లోనే చూడండి. 2023 ఏప్రిల్ మొదట్లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. అతని దగ్గర 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు దొరికాయని ప్రకటించారు. విద్యార్థులు, ఉద్యోగులు, బండి యజమానులు, ఆన్‌లైన్‌లో సరుకులు కొన్నవాళ్లు, అందరూ అందులో ఉన్నారు. దానికి కొద్ది రోజుల ముందే ఇంకో ముఠా దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు పట్టుబడ్డాయి. బట్టల షాపులో బిల్లు వేసేటప్పుడు "ఫోన్ నంబరు చెప్పండి మేడమ్" అంటే గడగడా చెప్పేస్తాం కదా! అలా చెప్పిన నంబరు ఏ సంతలో తేలుతుందో ఎవరికెరుక?

ఓటీపీ అడిగి డబ్బు కొట్టేసేవాడినీ, 'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్‌లో బెదిరించేవాడినీ కూడా వీపీఎన్ ఆపలేదు. అసలు డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు.

మరి ఎప్పుడు పనికొస్తుంది?

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉచిత వైఫై పట్టుకున్నారనుకోండి. హోటల్లో, ఆస్పత్రి లాబీలో, హాస్టల్‌లో నలుగురూ వాడే వైఫై అనుకోండి. ఆ వైఫై నడిపేవాళ్లకు, దాన్ని పోలిన పేరుతో దొంగ వైఫై పెట్టి కూర్చున్నవాడికి, మనం ఎక్కడికి వెళుతున్నామో కనిపించకుండా నమ్మకమైన వీపీఎన్ అడ్డుపడుతుంది. ఊరుకాని ఊళ్లో ఉద్యోగం చేసే ఆడపిల్లలకు, పీజీ హాస్టల్ యజమాని వైఫై వాడేవాళ్లకు ఇది మంచి తోడు. మనం ఏ సైట్లు చూస్తున్నామో ఇంటర్నెట్ కంపెనీకి తెలియకూడదనుకున్నా అంతే.

గుర్తుంచుకోవాల్సిన నాలుగు ముక్కలు

- ఉచిత వీపీఎన్ కనిపించగానే దింపకండి. ఎవరిది, ఎలా బతుకుతోంది అని ముందు అడగండి. పిల్లల ఫోన్లలో ఏముందో కోప్పడకుండా కూర్చుని చూడండి.

- ఫోన్ సెట్టింగ్స్‌లో వీపీఎన్ అన్న చోట ఏముందో ఒకసారి చూడండి. మీరు పెట్టుకోనిది అక్కడ ఉంటే, ఎవరు పెట్టారో కనుక్కోండి. పైన తాళంచెవి బొమ్మో, 'వీపీఎన్' అక్షరాలో కనిపిస్తే మీ రాకపోకలన్నీ ఆ దారినే పోతున్నాయని అర్థం.

- ఇంటిల్లిపాదీ వాడే టాబ్‌కు, టీవీకి వేరే ఖాతా పెట్టండి. మీ ఖాతాలో చూసిన చరిత్రను తుడిచేసే, అసలు రాయకుండా ఆపేసే సదుపాయం ఉంటుంది. ఇది పైసా ఖర్చు లేని పని. నాలాంటివాళ్లకు వీపీఎన్ కంటే ముందు కావల్సింది ఇదే.

- యాప్ దింపేటప్పుడు లొకేషన్, కాంటాక్ట్‌లు, మైక్ అడిగితే, ఎందుకని ఆలోచించి ఇవ్వండి. లొకేషన్ మీరే ఇచ్చేస్తే వీపీఎన్ దాచలేదు.

- కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉంటే మొరాయిస్తాయి. కంగారుపడక, సొంత మొబైల్ డేటా మీద వాడుకోండి.

- సైబర్ మోసంలో డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం. వేధింపులైతే మన షీ టీమ్స్ ఉన్నాయి. 2014 నుంచీ పనిచేస్తున్నాయి.

(నాలుగు ముక్కలని ఆరు చెప్పాను. ఏం చేయను, పేరంటంలో శనగలు పెట్టినట్టు చెయ్యి ఆగదు!)

అత్తయ్యగారి మాట

చెల్లెలు చెప్పినట్టే ఆ ఉచిత యాప్ తీసేశాను. టాబ్‌కు అత్తయ్యగారి పేరున వేరే ఖాతా తెరిచాను. ఇప్పుడందులో అష్టోత్తరాలు, ఆవకాయలు తప్ప ఇంకేమీ రావు.

టాబ్ చేతికిస్తూ "మీకు వేరేగా పెట్టానత్తయ్యా" అన్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, నా మొహంలోకి చూశారు.

"అమ్మాయ్, ఆ రోజు పేరంటంలో నేనూ చదివాను. అడిగితే నువ్వు నొచ్చుకుంటావని ఊరుకున్నాను. నాకు ముప్పై తొమ్మిదికే ఆగిపోయింది. మీ మామయ్యగారికి కూడా చెప్పలేదు. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. ఏదో పెద్ద జబ్బే వచ్చింది, పోతాననుకున్నాను. అడగడానికి నాకు ఫోన్ కూడా లేదు."

నేను చటుక్కున ఆవిడ పక్కన కూర్చుండిపోయాను. పదిహేడేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నాం. ఈ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాం. థైరాయిడ్‌లో తేడా ఉందన్నారు. మాత్రలు రాశారు. నలభై లోపు మూడు నెలలు నెలసరి రాకపోతే వీడియోలు చూస్తూ కూర్చోకూడదనీ, వెంటనే రావాలనీ చిన్నగా చివాట్లు కూడా పెట్టారు. రాత్రి మావారికి నేనే చెప్పాను. అప్పుడు ఆ మాట నా నోటి నుంచి, నేననుకున్న వేళకు వచ్చింది.

గోప్యత అంటే నాకిప్పుడు అర్థమైంది ఇదే. మన మాట ఎవరికి, ఎప్పుడు చెప్పాలో మనమే నిర్ణయించుకోవడం. టాబ్ చెప్పేస్తే నా చెయ్యి వణికింది. అదే మాట అత్తయ్యగారి పక్కన కూర్చుని చెప్పుకుంటే గుండె తేలికైంది. దారిలో పోయేవాళ్లు చదవకుండా కవరు గట్టిగా అంటించుకుందాం. కానీ కవరు రాయాల్సినవాళ్లకు రాయడం మాత్రం మానొద్దు.